పదిహేడు దగ్గర ఆపిన చెయ్యి

ఇరవై రెండేళ్ళు అమలాపురంలో బ్యాంకు పరీక్షలకు ఇంగ్లీషు చెప్పాను. నేను మాత్రం ఏ బ్యాంకు పరీక్షా పాస్ కాలేదు. నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ లెక్కల దగ్గర పడిపోయి, చివరికి నాకు వచ్చిన ఇంగ్లీషునే పట్టుకుని ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. ఈ సంగతి నా విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. అడిగినవాళ్ళకు అబద్ధం చెప్పలేదు. అడగకుండా చూసుకున్నాను.

రెండేళ్ళ కిందట గొంతు పాడైంది. ఇంక గట్టిగా మాట్లాడకూడదని డాక్టరు చెప్పడంతో యాభై మూడో ఏట పని మానేశాను. ఇప్పుడు ఇదే పనిలోకి కొత్తగా వస్తున్న కుర్ర మాస్టార్లు అప్పుడప్పుడు కొత్తపేటలో మా ఇంటికి వస్తుంటారు. అందరూ ముందు అడిగేది ఒకటే. "ఆ పదిహేడు పద్ధతి ఏంటో కాస్త వివరంగా చెప్పండి మాస్టారూ."

వాళ్ళకు చెప్పాల్సింది ఆ పద్ధతి గురించి కాదు. దాన్ని నమ్మిన దీవెన అనే అమ్మాయికి ఏం జరిగిందో, జరిగాక ఆ అమ్మాయి గురించి నేను ఏం చెప్పానో చెప్పాలి. ఇదంతా నాకే పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైనంత వరకు రాస్తాను.

భయం తగ్గించే పని

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు మీడియం డిగ్రీ వాళ్ళు. రాజోలు నుంచి, అల్లవరం నుంచి, అటు ఆలమూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు. లెక్కలు మంచినీళ్ళలా చేసేవాళ్ళు కూడా ఇంగ్లీషు పేపరు ముందు పెట్టగానే అరచేతులు తుడుచుకునేవారు. మొదటి అంచె పరీక్షలో ఇంగ్లీషుకు ముప్పై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు. సరైన జవాబుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత. ఇరవై నిమిషాలు కాగానే కంప్యూటరే ఆ భాగాన్ని మూసేస్తుంది. మిగిలిన సమయాన్ని లెక్కలకు వాడుకోవడానికి వీల్లేదు. ఇంగ్లీషు సమయం ఇంగ్లీషుకే.

చేరిన కొత్తలో నేను క్రియల దగ్గర నుంచి మొదలుపెట్టాను. భాష నేర్పకుండా పరీక్ష ఎలా నేర్పుతాం అని నా పట్టుదల. నెల తిరిగేసరికి సగం బెంచీలు ఖాళీ. సెంటరు డైరెక్టరుగారు గదిలోకి పిలిచారు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ మనుషులు బాగా తెలుసు.

"ఏవండీ మాస్టారూ, మన పిల్లలకి ఇంగ్లీషు వచ్చేదాకా ఆగేమనుకోండి, ఏమవుద్ది?"

"పునాది గట్టిపడుతుందండి."

"పునాది గట్టిపడేసరికి వయసైపోద్దండి. ఆ తర్వాత ఇల్లు కట్టినా ఉండేవాడెవడు? మీరు భాష నేర్పకండి. భయం తగ్గించండి చాలు."

ఆ మాట అప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది. తర్వాత పదేళ్ళు అదే నిజమనుకున్నాను. ఇప్పుడేమో రెండూ కాదనిపిస్తోంది.

పదిహేడు ఎలా పుట్టింది

ఇది ఎంత తేలిగ్గా పుట్టిందో చెబితే కుర్ర మాస్టార్లు నమ్మరు. ఆలమూరు నుంచి సూరిబాబు అని ఒక కుర్రాడు వచ్చేవాడు. ఇంగ్లీషులో చాలా బలహీనుడు. అలాంటివాడికి ఉద్యోగం వచ్చింది. పూతరేకుల పెట్టె పట్టుకుని వచ్చాడు.

"ఇంగ్లీషులో ఎన్ని పెట్టేవురా?" అని అడిగాను.

"పదిహేడండి. ఆ తర్వాత భయమేసి మానేసేనండి."

మరుసటి ఏడాది పాసైన ఒకమ్మాయిని అదే అడిగితే, "పదహారో పదిహేడోనండి, సరిగ్గా గుర్తులేదండి" అంది. నేను పదిహేడు అని విన్నాను. నా పరిశోధన మొత్తం ఇంతే.

ఆ ఏటి నుంచి క్లాసులో చెప్పడం మొదలుపెట్టాను. బాగా తెలిసినవి పదిహేడు ఏరుకోండి. పదిహేడు కాగానే చెయ్యి మౌసు మీద నుంచి తీసెయ్యండి. పద్దెనిమిదో ప్రశ్న దగ్గర నుంచి మీకు పోయేదే గానీ వచ్చేది ఉండదు. డైరెక్టరుగారికి ఇది ఎంత నచ్చిందంటే, క్లాసు గోడ మీద మనిషంత ఎత్తు అంకెలు రాయించారు. నాకు పదిహేడు మాస్టారన్న పేరు వచ్చింది. సొంత పేరుతో పిలిస్తే నేనే ఒక్క క్షణం ఆగి చూసేవాణ్ణి.

దీనికి తోడు ఇంకొకటి చేరింది. పదిహేడు అయ్యాక పిల్లలు ఖాళీగా కూర్చోలేకపోయేవారు. పెట్టిన జవాబులు మార్చేసేవారు, మార్చి చెడగొట్టుకునేవారు. మా క్లాసులో సగానికి పైగా క్రైస్తవ కుటుంబాల పిల్లలు. పరీక్ష అంటే ఇంట్లో ప్రార్థన, బయలుదేరేటప్పుడు ప్రార్థన, హాల్ టికెట్టు చేతికిచ్చేటప్పుడు మళ్ళీ ప్రార్థన. వాళ్ళను చూసే నాకు ఆలోచన వచ్చింది. "పదిహేడు అయిపోయాక కళ్ళు మూసుకోండి. ప్రార్థన చేసుకునేవాళ్ళు ప్రార్థన చేసుకోండి. ఆంజనేయస్వామిని తలుచుకునేవాళ్ళు తలుచుకోండి. కళ్ళు మాత్రం తెరవద్దు" అని చెప్పాను.

కాకినాడలో పరీక్ష కేంద్రాల్లో డ్యూటీ చేసే ఒకాయన నాకు తెలుసు. ఓసారి బస్టాండులో కనబడి నవ్వుతూ అడిగాడు.

"మీ అమలాపురం బ్యాచ్ వాళ్ళు ఏంటండీ, పరీక్ష మధ్యలో నిద్దరోతున్నారు?"

"నిద్ర కాదండి, అది మా పద్ధతి."

"ఒకమ్మాయికి ఒంట్లో బాలేదనుకుని నేను మంచినీళ్ళు తెచ్చేను. 'ఆమెన్' అని కళ్ళు తెరిచి 'వద్దండి' అంది. ఈలోపు టైమైపోయి పేపరు మూసుకుపోయింది."

ఇద్దరం నవ్వుకున్నాం. దాన్ని నేను చాలాకాలం క్లాసులో హాస్యానికి చెప్పేవాణ్ణి. ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందో లేదో మాత్రం కనుక్కోలేదు.

దీవెన

దీవెనది మామిడికుదురు మండలం నగరం గ్రామం. తల్లి సువార్తమ్మగారు ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యారు. తండ్రి లేరు. అన్న కువైట్‌లో ఉంటాడు. దీవెన ఊళ్ళోనే ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతూ, మధ్యాహ్నం బ్యాచ్‌కు మా దగ్గరకు వచ్చేది. అప్పటికే రెండుసార్లు వేరే సెంటర్లలో చదివి రాసి, లెక్కల్లో తప్పింది. వయసు నిబంధన ప్రకారం రాబోయేదే ఆమెకు ఆఖరి పరీక్ష. సువార్తమ్మగారు చేర్పించడానికి వచ్చిన రోజే ఆ మాట చెప్పారు.

"ఇదే ఆఖరండి మాస్టారండీ. దీని భారం మీదే. మీరు ఎలా చెప్తే అలా చేసుద్ది. చెయ్యకపోతే నాకు చెప్పండి."

మొదటి మాక్ టెస్టులో దీవెన ఇరవై ఆరు ప్రశ్నలు పెట్టింది. ఇరవై మూడు సరైనవి. నేను పేపరు పైకెత్తి క్లాసంతటికీ చూపించాను, మెచ్చుకోవడానికి కాదు.

"ఏంటమ్మా ఇది? ఇరవై ఆరు? గోడ మీద ఏం రాసుంది?"

"పదిహేడండి."

"మరి?"

"తెలిసినవే పెట్టేనండి మాస్టారూ."

"ఇక్కడ తెలుస్తాయమ్మా. అక్కడ హాల్లో కూర్చున్నాక తెలియవు. అప్పుడు ఏడుస్తావు."

వెనక బెంచీ నుంచి ఎవరో "ఇంగ్లీషు దొరసానిగారండీ" అన్నారు. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె తల వంచుకుని, "ఆయ్, అలాగేనండి" అంది.

ఆ తర్వాత ప్రతి టెస్టులోనూ పదిహేడు దగ్గర ఆగేది. ఎనిమిది తొమ్మిది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చునేది. ఇంగ్లీషు మార్కులు తగ్గినా లెక్కలు మెరుగుపడటంతో మొత్తం కాస్త పెరిగింది. ఆ పెరగడం కూడా పదిహేడు వల్లనే అని చెప్పాను.

ఆమెకు ఇంగ్లీషు ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు. ఏ వైద్యుడైనా రోగం ఉందో లేదో చూశాకే మందిస్తాడు. నా క్లాసులో కూర్చున్న ప్రతివాళ్ళకూ ఇంగ్లీషు భయం ఉండి తీరాలని నా లెక్క. లేనివాళ్ళకు ముందు భయం పెట్టి, తర్వాత మందు ఇచ్చాను.

పదిహేను ముప్పావు

పరీక్ష రాసిన రోజు సాయంత్రమే దీవెన ఫోన్ చేసింది. "పదిహేడే పెట్టేనండి మాస్టారూ. తర్వాత చెయ్యి తీసేసేను. ఇంకా ఎనిమిది నిమిషాలు ఉందండి." నేను సంతోషించాను.

ఫలితాలొచ్చాయి. మొత్తం మీద ఒక్క మార్కు తక్కువై పోయింది. ఇంగ్లీషులో పదిహేను ముప్పావు వచ్చింది.

రెండు రోజులకు సువార్తమ్మగారు సెంటరుకు వచ్చారు. ఆఫీసు గదిలో డైరెక్టరుగారు ఉన్నారు, కొత్త బ్యాచ్‌లో పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన ఇద్దరు తండ్రులు ఉన్నారు. ఆవిడ నిలబడే అడిగారు.

"ఎక్కడ తప్పిందండి మాస్టారండీ?"

నేను కాగితం తీసుకున్నాను. పదిహేడు పెట్టి, పదహారు సరై, ఒకటి తప్పైతే పదిహేను ముప్పావు వస్తుంది. కానీ ఇరవై రెండు పెట్టి, పదిహేడు సరై, ఐదు తప్పైనా పదిహేను ముప్పావే వస్తుంది. రెండూ నాకు ఒక్కసారే కనిపించాయి. దీవెన ఫోన్‌లో చెప్పిన మాట గుర్తుంది. ఆ ఇద్దరు తండ్రులు నన్నే చూస్తున్నారు. నేను కాగితం మీద రెండోది రాసి, ఆవిడ వైపు తిప్పాను.

"ఇరవై రెండు పెట్టిందండి. ఐదు తప్పు పోయాయి. పదిహేడు దగ్గర ఆగుంటే ఈ కోత ఉండేది కాదు."

ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "చెప్పిన మాట వినదండి. చిన్నప్పటి నుంచీ అంతే" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉందో నేను చూడలేదు.

ఆ పూట నేను చెప్పింది అబద్ధమే. కానీ చెబుతున్న క్షణంలో నమ్మాను కూడా. ఆ అమ్మాయి ఫోన్‌లో నన్ను సంతోషపెట్టడానికే అలా చెప్పి ఉంటుందని, హాల్లో చెయ్యి ఆగి ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. లెక్క కూడా సరిపోయింది కదా! తెలిసి చెప్పిన అబద్ధం ఎక్కడ ఆగిందో, నమ్మకం ఎక్కడ మొదలైందో వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు.

మరుసటి బ్యాచ్‌కు దీవెన కథ చెప్పాను, పేరుతో సహా. ఇరవై రెండు పెట్టి పోగొట్టుకున్న అమ్మాయి అని. రాజోలు బస్సులో కూడా ఆ మాట తిరిగిందని తర్వాత తెలిసింది.

తర్జుమా

ఏడాది గడిచాక, పక్కింటి ఆయన రమ్మంటే రాజోలు దగ్గర వాళ్ళ క్రైస్తవ కూటాలకు వెళ్ళాను. కేరళ నుంచి వచ్చిన బోధకుడు ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. ఇలాంటి సభల్లో పక్కనే ఒకరు నిలబడి మాట మాటకీ తెలుగులోకి తర్జుమా చేస్తుంటారు. ఆ రోజు ఆయన పక్కన నిలబడింది దీవెన.

ఆయన ఆగకుండా మాట్లాడుతున్నారు. ఆయన వాక్యం పూర్తయ్యీ కాకముందే ఈమె తెలుగు అందుకుంటోంది. మధ్యలో ఆయన ఏదో చమత్కారమాడారు. దీవెన అదే ముఖంతో, అదే ఒడుపుతో తెలుగులో అనేసరికి పందిరి మొత్తం గొల్లున నవ్వింది. నా ముందు కూర్చున్న ముసలావిడ పక్కావిడతో, "ఆ పిల్ల పదహారేళ్ళప్పటి నుంచి చెప్తందే, ఎంతమంది వచ్చినా" అంది.

ఆ వేగంతో వినగలిగిన మనిషి, తెర మీద కదలకుండా ఉన్న ప్రశ్నలు ఐదు తప్పు చేసిందా? నా కాగితం మీద రాయకుండా వదిలేసిన మొదటి లెక్కే నిజమని అక్కడ పందిట్లో నాకు తెలిసిపోయింది. సభ అయ్యేదాకా ఆగలేదు. దీవెన నన్ను చూడకముందే లేచి వచ్చేశాను. ఆ తర్వాత కూడా మూడేళ్ళు ఎవరితోనూ ఏమీ అనలేదు. సెంటర్లో మానేసేదాకా గోడ మీద పదిహేడు అలాగే ఉంది, నేనూ అలాగే చెప్పాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మీరు నన్ను పద్ధతి అడుగుతారు. పనిచేస్తుందా అంటే నా దగ్గర సూటి జవాబు లేదు. సూరిబాబు ఇప్పుడు బ్యాంకు మేనేజరు. కనబడితే, "మీ పదిహేడే నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది మాస్టారూ" అంటాడు. అది అబద్ధం కాదు. ఇంగ్లీషు రానివాడికి ఎక్కడ ఆగాలో చెప్పడం మేలే చేసింది. అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. దీవెనలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు, ఎందుకంటే పోయినవాళ్ళు మళ్ళీ వచ్చి ఎన్ని పెట్టారో చెప్పరు. పూతరేకులు తెచ్చినవాళ్ళనే నేను ప్రశ్నలడిగాను.

మానేశాక ఇంట్లో కూర్చుని పాత పేపర్లు పది నేనే రాసి చూశాను. సగం పదిహేడు దగ్గర ఆగి, సగం ఆగకుండా. ఏమీ తేలలేదు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్న నాకు పోయే ఉద్యోగం లేదు, దాటిపోయే వయసు లేదు. భయం లేకుండా రాసిన పరీక్ష భయం గురించి ఏం చెబుతుంది?

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. విద్యార్థి మొదటి పేపరు చేతికి రాగానే, మీ పద్ధతిని పక్కన పెట్టి ఆ పేపరు చూడండి. ఈ ఇరవై మూడు ఎక్కడి నుంచి వచ్చాయమ్మా అని అడగండి. అది అడగడానికి అర నిమిషం పడుతుంది. నేను అడగలేదు.

నగరంలో

గత నెల ఒక ఆదివారం సాయంత్రం నగరం వెళ్ళాను. సువార్తమ్మగారు గుమ్మంలోనే గుర్తుపట్టారు.

"రండి మాస్టారండీ, రండి! దీవెనా, మాస్టారొచ్చేరు, కుర్చీ వెయ్యి. గొంతు బాలేదటగా?"

దీవెన కుర్చీ వేసి గోడకు ఆనుకుని నిలబడింది. ఆవిడే మాట్లాడారు. "మీ మాట విన్నవాళ్ళందరూ ఏసీలో కూర్చున్నారు. మాది చూడండి, ఇంకా పిల్లల ముక్కులు తుడుస్తోంది. వాళ్ళన్నయ్య ఇప్పటికీ ఫోన్‌లో అంటాడు, మాస్టారు చెప్తే విన్నదా అని. పెళ్ళి మాటొచ్చినా అదే, స్కూలు మారతానన్నా అదే."

నేను వెళ్ళింది ఎందుకో అప్పుడే చెప్పేశాను. "సువార్తమ్మగారూ, ఆ రోజు నేను రాసిచ్చింది తప్పండి. మీ అమ్మాయి పదిహేడు దగ్గరే ఆగింది. ఇంకా ఎనిమిది నిమిషాలుండగానే చెయ్యి తీసేశానని నాకు ఫోన్ చేసి చెప్పింది కూడా. విన్నందుకే పోయింది, వినక కాదు."

ఆవిడ నవ్వారు. "మీది మంచి మనసండి. పిల్ల మీద జాలితో తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు." కూతురి వైపు తిరిగి, "చూసేవా, ఎలాంటి మాస్టారో!" అన్నారు.

నేను మళ్ళీ చెప్పాను. లెక్క చెప్పాను, ఆ గదిలో కూర్చున్న తండ్రుల సంగతి చెప్పాను. చెప్పినకొద్దీ ఆవిడ కళ్ళలో నేను ఇంకా పెద్దవాణ్ణి అవుతున్నాను. అప్పుడు దీవెన నోరు విప్పింది.

"అమ్మా, ఆయన నిజమే చెప్తున్నారు. పదిహేడే చేసేను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేమే?"

"మొదటి రోజే చెప్పేను. మాస్టారు అబద్ధమాడతారా అన్నావు. మళ్ళీ చెప్పలేదు."

సువార్తమ్మగారు మంచం మీద కూర్చున్నారు. ఈసారి ఆవిడ ముఖం చూశాను. నా మీద కోపం వస్తుందని ఎదురుచూశాను, కావాలనే అనుకున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"ఎనిమిది నిమిషాలు ఖాళీగా ఉన్నావా?"

"లేదమ్మా. ప్రార్థన చేసేను. మాస్టారు చెయ్యమన్నారు కదా."

"ఏమని చేసేవు?"

దీవెన గోడ మీద సున్నం గోటితో కాసేపు గీసింది.

"మిగిలిన ప్రశ్నలు అప్పటికే చూసేసేనమ్మా. చాలావరకు తెలిసినవే. చెయ్యి ఊరుకోవట్లేదు. మాస్టారి మాట దాటకుండా నా చెయ్యి ఆపు ప్రభువా, అని చేసేను."

రోడ్డు మీద ఆటో ఒకటి పాట పెట్టుకుని వెళ్ళింది.

"ఆపేడు కదా మరి," అన్నారు సువార్తమ్మగారు. ఆ మాట ఎవరితో అన్నారో నాకు తెలియలేదు.